పద్నాలుగేళ్లు వచ్చినా కోరపన్ను రాలేదా? ఆదోని, ఎమ్మిగనూరు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

పాలపళ్లు ఊడి, చుట్టూ ఉన్న పళ్లన్నీ వచ్చేసినా ఒక్కచోట ఖాళీ అలాగే ఉండిపోతుంది. లేదంటే తొమ్మిదో తరగతికి వచ్చినా ఒక చిన్న పాలపన్ను మాత్రం కదలకుండా కూర్చుని ఉంటుంది. "ఇంకా వయసుంది కదా, వస్తుందిలే" అని దాదీ అంటుంది. నొప్పి లేదు కాబట్టి అమ్మీ, అబ్బా కూడా ఊరుకుంటారు. తీరా అమ్మాయికి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు వచ్చి సంబంధాలు చూడటం మొదలుపెట్టాక "మూడు నెలల్లో సరిచేస్తారా?" అంటూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతారు. అప్పటికి మూడు నెలల పని కాస్తా రెండు మూడేళ్ల పని అయి ఉంటుంది.

ఈ విషయంలో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. రాని పన్నుకు నొప్పి ఉండదు, కానీ గడువు ఉంటుంది. పది నుంచి పదమూడేళ్ల మధ్య చూపిస్తే చాలామందికి చిన్న పనితో సరిపోతుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఖర్చు, సమయం, ప్రయాణాలు అన్నీ పెరుగుతాయి.

ఏ పన్ను ఎప్పుడు రావాలి?

పిల్లలకు పాలపళ్లు 20, పెద్దయ్యాక వచ్చే శాశ్వత పళ్లు 32. ఆరేడేళ్లకు కింది ముందు పళ్లు, వెనుక మొదటి దవడ పళ్లు వస్తాయి. పైన మధ్యలోని రెండు పళ్లు 7-8 ఏళ్లకు, వాటి పక్కవి 8-9 ఏళ్లకు వస్తాయి. కింది కోరపళ్లు 9-10 ఏళ్లకు, కోరపళ్ల వెనుక ఉండే చిన్న దవడ పళ్లు 10-12 ఏళ్లకు, పై కోరపళ్లు 11-12 ఏళ్లకు కనిపించాలి. రెండో దవడ పళ్లు 12-13 ఏళ్లకు వస్తాయి. జ్ఞానదంతాలు 17 దాటాకే వస్తాయి, కొందరికి అసలు రావు.

ఇవి సగటు వయసులు. ఒక ఏడాది ముందూ వెనుకా అయితే కంగారు పడక్కర్లేదు. అయితే డాక్టర్లు పాటించే ఒక లెక్క ఇంట్లోవాళ్లకూ పనికొస్తుంది. ఒకవైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండోవైపు అదే పన్ను రాకపోతే ఎక్స్‌రే తీయించాలి. పక్కపళ్లు ముందే వచ్చి మధ్యలో ఖాళీ మిగిలినా అంతే.

ఎక్కువగా చిక్కుకునేది పై కోరపన్నే

జ్ఞానదంతాలను పక్కన పెడితే, ఎముకలో చిక్కుకుపోయే పళ్లలో మొదటి స్థానం పై కోరపన్నుది. సుమారు నూటికి ఇద్దరిలో ఈ సమస్య కనిపిస్తుంది. అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఎక్కువ. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఈ పన్ను పుట్టేది దవడలో బాగా పైన, దాదాపు ముక్కు పక్కన. అక్కడి నుంచి కిందికి దిగడానికి చాలా దూరం రావాలి. పైగా చుట్టుపక్కల పళ్లన్నీ సర్దుకున్నాక చివర్లో వస్తుంది. ఆలస్యంగా ఎక్కినవాడికి బస్సులో సీటు దొరకనట్టే దీనికీ చోటు దొరకదు. అంగిలి వైపుకో, పెదవి వైపుకో పక్కకు తిరిగిపోతుంది.

పదేళ్ల పిల్లలకు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. చేతులు శుభ్రంగా కడుక్కుని, పై పెదవి ఎత్తి, పాల కోరపన్నుకు పైన చిగురు మీద వేలితో తడిమి చూడాలి. రెండువైపులా గట్టిగా చిన్న ఉబ్బు తగలాలి. లోపల కోరపన్ను సరైన దారిలో దిగుతోందనడానికి అది గుర్తు. ఒకవైపు తగిలి రెండోవైపు తగలకపోయినా, పదకొండేళ్లు దాటినా రెండువైపులా ఏమీ తగలకపోయినా డెంటిస్టుకు చూపించాలి.

పన్ను ఎందుకు ఆగిపోతుంది?

కారణాలు చాలా ఉన్నాయి. పాలపన్ను టైముకు ఊడకపోవడం, దవడలో చోటు చాలకపోవడం, పుప్పిపట్టి పాలపన్ను ముందే పీకించేస్తే పక్కపళ్లు జరిగి దారి మూసుకుపోవడం, చిన్నప్పుడు కిందపడి పాలపన్నుకు దెబ్బ తగలడం వంటివి ఎక్కువగా కనిపిస్తాయి. పైన మధ్య పన్ను రాకపోతే, లోపల అదనపు పన్ను ఒకటి అడ్డంగా ఉందేమో చూస్తారు. కొన్నిసార్లు పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడుతుంది.

కొందరిలో పన్ను అసలు పుట్టనే పుట్టదు. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. అబ్బాకో, ఖాలాకో ఒక పన్ను పుట్టుకతోనే లేదంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఒకటి రెండు కాకుండా చాలా పళ్లు ఒకేసారి ఆలస్యమైతే నోటితో ఆగకుండా ఒంటినీ పరీక్షించాలి. థైరాయిడ్ తక్కువగా ఉండటం, విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్, అరుదుగా కొన్ని జన్యు సమస్యలు దీనికి కారణమవుతాయి. అలాంటప్పుడు పిల్లల డాక్టరును కూడా కలవాలి.

ఇక మన ఊళ్లలో వినిపించే మాటలు రెండున్నాయి. "పన్ను మీద పన్ను వస్తే అదృష్టం" అని కొందరు ముచ్చటపడతారు. నిజానికి అది చోటు చాలక కోరపన్ను బయటికి తోసుకొచ్చిన గుర్తు. "గట్టి వస్తువులు కొరికిస్తే పన్ను దిగుతుంది" అనేది రెండోది. ఎముకలో పక్కకు తిరిగిన పన్ను కొరికితే దిగదు. ఇంట్లో చిగురు కోయడం, సూదితో గుచ్చడం వంటివి అస్సలు చేయకూడదు.

వదిలేస్తే ఏమవుతుంది?

కొన్ని పళ్లు లోపలే ఏ గొడవా చేయకుండా ఉండిపోతాయి. కానీ ముందే చెప్పలేం. దారి తప్పిన కోరపన్ను పక్కనున్న ముందు పన్ను వేరును కొద్దికొద్దిగా కరిగించేస్తుంది. నొప్పి లేకుండానే ఇది జరుగుతుంది. బాగా ముదిరితే మంచి పన్ను కూడా కదిలి పోవచ్చు. నీటితిత్తి పెరిగితే దవడ ఎముక పలుచనవుతుంది. మిగిలిపోయిన పాల కోరపన్ను పెద్దయ్యాక ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుంది, అప్పుడు ఖాళీ బయటపడుతుంది. అందుకే ఇది అందం విషయమే అనుకుని వాయిదా వేయడం సరికాదు.

దగ్గర్లో చిగురు వాచినా, చీము వచ్చినా, పక్కపన్ను కదిలినా, దవడ ఒకవైపు ఉబ్బినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మొదటి పరీక్షకు ఊళ్లోని బీడీఎస్ డెంటిస్టు గానీ ప్రభుత్వ ఆసుపత్రి డెంటల్ ఓపీ గానీ చాలు. అక్కడే ఎక్స్‌రే రాస్తారు. పన్ను చిక్కుకుందని తేలాక మాత్రం ఆర్థోడాంటిస్టును కలవాలి. పళ్ల వరుస, దవడల ఎదుగుదల చూసే స్పెషలిస్టు ఈయనే. బీడీఎస్ తర్వాత మరో మూడేళ్లు ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ చదివి ఉంటారు. చిగురు తెరిచి పన్నును బయటపెట్టే ఆపరేషన్ చేసేది ఓరల్ సర్జన్. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని కాబట్టి ఇద్దరూ ఉన్నచోటు మేలు.

"క్లిప్పులు వేస్తాం" అని బోర్డు పెట్టిన ప్రతివారూ స్పెషలిస్టు కారు. డిగ్రీ ఏమిటి, స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగడంలో తప్పేమీ లేదు. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా దంతవైద్యం చేయడం నేరం. 1948 డెంటిస్టుల చట్టానికి ముందు దేశంలో దంతవైద్యాన్ని చదువుగా నిలబెట్టిన వారిలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ ముఖ్యులు. అమెరికాలో చదివొచ్చి 1920లో కలకత్తాలో దేశంలోనే తొలి డెంటల్ కాలేజీ స్థాపించారు. 1964లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ కాలేజీ నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

కర్నూలా, రాయచూరా?

పశ్చిమ కర్నూలు వాళ్లకు దారులు రెండు. ఒకటి కర్నూలు. ఎమ్మిగనూరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు, ఆదోని నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. కర్నూలులో జి.పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. రెండోది రాయచూరు. ఆదోని స్టేషన్ గుంతకల్లు–రాయచూరు లైనులో ఉంది కాబట్టి ఆదోని, కోసిగి వైపు వాళ్లకు రైల్లో వెళ్లడం తేలిక. దూరం సుమారు 70 కిలోమీటర్లు. అక్కడ ఏఎంఈ డెంటల్ కాలేజీ, నవోదయ డెంటల్ కాలేజీ ఉన్నాయి. ఎమ్మిగనూరుకు రైలు లేదు కాబట్టి అక్కడివాళ్లకు కర్నూలు బస్సే అనుకూలం. ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే కడపలో ఒకటి ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మరొకటి ఉంది.

డెంటల్ కాలేజీలో పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. ప్రైవేటు క్లినిక్కుతో పోలిస్తే ఖర్చు సాధారణంగా తక్కువ. ఒక్కోసారి ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుంది. మధ్యలో చూసే డాక్టర్ మారవచ్చు. ఆర్థోడాంటిస్టు, సర్జన్, ఎక్స్‌రే ఒకే ఆవరణలో ఉండటం మాత్రం పెద్ద సౌకర్యం. అమ్మాయికి మహిళా డాక్టర్ కావాలనుకుంటే ఓపీ చీటీ రాయించేటప్పుడే చెప్పాలి. చెప్పడానికి మొహమాటపడి చికిత్సే మానుకోవడం సరికాదు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు ఇంకో దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను బడిలోనే పరీక్షించి, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆ బృందం వచ్చిన రోజు పన్ను సంగతి చెప్పమని పిల్లలకు నేర్పాలి. ఆరోగ్య బీమా కార్డు ఉన్నవాళ్లు ఉచితమనే నమ్మకంతో బయల్దేరకుండా, క్లిప్పులకూ పన్ను ఆపరేషన్‌కూ వర్తిస్తుందా లేదా అని ఆసుపత్రిలోని కార్డు కౌంటరులో ముందే అడగాలి.

ఎక్స్‌రేలో ఏం చూస్తారు?

మొదట ఓపీజీ తీస్తారు. రెండు దవడలు, పళ్లన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే ఇది. పన్ను ఉందా లేదా, ఎటు తిరిగి ఉంది, అడ్డం ఏమైనా ఉందా అన్నది తెలుస్తుంది. పన్ను పెదవి వైపు ఉందా, అంగిలి వైపు ఉందా తేల్చడానికి వేర్వేరు కోణాల్లో చిన్న ఎక్స్‌రేలు తీస్తారు. పక్కపన్ను వేరు కరిగిందేమోనన్న అనుమానం ఉంటే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ రాస్తారు. అందరికీ సీబీసీటీ అవసరం లేదు. డిజిటల్ ఓపీజీలో తగిలే రేడియేషన్ చాలా తక్కువ, కొద్ది రోజుల్లో మనకు ప్రకృతి నుంచి సహజంగా తగిలేంత మాత్రమే. ఆ భయంతో ఎక్స్‌రే మానకూడదు. తీసిన ఫిల్ము, రిపోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, ఫోనులో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. మరో డాక్టర్ దగ్గరికి వెళ్తే మళ్లీ తీయించే ఖర్చు తప్పుతుంది.

చికిత్స ఎలా ఉంటుంది?

త్వరగా కనిపెడితే చేసే పని చాలా చిన్నది. పదేళ్ల నుంచి పదమూడేళ్ల మధ్యలో, కోరపన్ను అంగిలి వైపు జరుగుతున్నట్టు తెలిస్తే, దానికి అడ్డున్న పాల కోరపన్నును తీసేస్తారు. దవడలో చోటుంటే చాలాసార్లు అసలు పన్ను తనంతట తానే దారిలోకి వస్తుంది. స్వీడన్ పరిశోధకులు ఎరిక్సన్, కురోల్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా పాలపన్ను తీసిన 46 చోట్ల 36 చోట్ల, అంటే నూటికి 78 వంతున, కోరపన్ను సరైన దారికి వచ్చింది. పన్ను మరీ ఎక్కువ పక్కకు జరిగి ఉంటే ఫలితం తగ్గింది. త్వరపడాలని చెప్పేది ఇందుకే. పదకొండేళ్లప్పుడు ఒక పాలపన్ను పీకడంతో పోయేది, పదహారేళ్లకు ఆపరేషన్ దాకా వస్తుంది.

ఆ వయసు దాటితే పని మూడు దశల్లో నడుస్తుంది. ముందు క్లిప్పులు వేసి పన్నుకు చోటు చేస్తారు. తర్వాత ఓరల్ సర్జన్ చిగురు తెరిచి, లోపలి పన్నుకు చిన్న బటన్ అంటించి, దానికి సన్నని గొలుసు కడతారు. చాలామందికి నోటికి మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఇది చేసి, అదే రోజు ఇంటికి పంపిస్తారు. పన్ను బాగా లోతుగా ఉంటే పూర్తి మత్తు అవసరం కావచ్చు. మూడో దశలో ఆ గొలుసును క్లిప్పుల తీగకు కట్టి, చాలా తక్కువ బలంతో నెలల తరబడి పన్నును కిందికి లాగుతారు. ఎక్కువ బలంతో తొందరగా లాగితే వేరు దెబ్బతింటుంది. అన్నీ కలిపి సాధారణంగా రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. చివర్లో పళ్లు వెనక్కి జరగకుండా రిటైనర్ పెట్టుకోవాలి. అది మానేస్తే చేసిన పని వృథా అవుతుంది.

అన్ని పళ్లూ ఇలా దిగవు. కొన్ని ఎముకకు అతుక్కుపోయి ఉంటాయి. వాటిని లాగితే అవి రావు, పక్కపళ్లే లోపలికి వంగుతాయి. అలాంటప్పుడు ఆ పన్ను తీసేసి ఖాళీని మరో విధంగా నింపుతారు. "ఇంప్లాంట్ వేయించేద్దాం" అని పదిహేనేళ్ల పిల్లల విషయంలో తొందరపడకూడదు. ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. పక్కపళ్లు కిందికి దిగుతుంటే ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటే ఆగి పొట్టిగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగేదాకా తాత్కాలిక పన్ను పెట్టుకుని ఆగాలి.

రెండేళ్ల చికిత్సను ఎలా నెట్టుకురావాలి?

క్లిప్పులు వేశాక నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి వెళ్లాలి. అంటే రెండేళ్లలో 17 నుంచి 26 సార్లు. ఆదోని నుంచి కర్నూలుకు రానూపోనూ సుమారు 200 కిలోమీటర్లు. బస్సు చార్జీలు, తోడు వెళ్లినవాళ్ల కూలీ, పిల్లలకు పోయే బడి రోజు, ఇవన్నీ డాక్టర్ ఫీజుతో కలిపి లెక్క వేసుకోవాలి. చికిత్స మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు ఫీజుకన్నా ఈ చిల్లర ఖర్చులే కారణమవుతాయి.

సుగ్గికి గుంటూరు వైపు పోయే కుటుంబాలు, బెంగళూరు, హైదరాబాద్‌లలో పనికి పోయేవాళ్లు ఆ సంగతి మొదటిరోజే డాక్టరుకు చెప్పాలి. ఏ నెలల్లో ఊళ్లో ఉండరో తెలిస్తే ఆపరేషన్, గొలుసు కట్టడం వంటివి ఆ నెలల్లో పడకుండా చూస్తారు. గొలుసు కట్టించుకుని నాలుగు నెలలు కనిపించకుండా పోవడం మంచిది కాదు. పిల్లలను నానీ దగ్గర వదిలి వెళ్తుంటే అపాయింట్‌మెంట్ చీటీ, డాక్టర్ నంబరు నానీకి ఇచ్చి వెళ్లాలి. ఊరు మారిపోతే చికిత్స వివరాలు, ఎక్స్‌రేలు రాయించుకుని వెళ్తే కొత్తచోట కొనసాగించవచ్చు.

రంజాన్ గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. రెండు మూడేళ్ల చికిత్సలో కనీసం రెండు రంజాన్ నెలలు వస్తాయి. 2026, 2027ల్లో రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, టెన్త్, ఇంటర్ పరీక్షలూ ఆ దగ్గర్లోనే. చిగురు తెరిచే ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు మందులు, మెత్తటి తిండి, పుక్కిలింత అవసరం. కాబట్టి దాన్ని షాబాన్‌కు ముందో, ఈద్ తర్వాతో పెట్టించుకోవడం సులువు. రోజాలో తీగ బిగించుకోవడం, పన్ను పీకించుకోవడం వంటి వాటిపై సందేహం ఉంటే మీ ఆలిమ్‌ను అడిగి, డాక్టరుతో సాయంత్రం వేళ మాట్లాడుకోవచ్చు.

మిస్వాక్ మానాల్సిన పని లేదు. అయితే క్లిప్పుల చుట్టూ ఇరుక్కున్న తిండి మిస్వాక్ ఒక్కదానితో పోదు. సహరీ తర్వాత, ఇఫ్తార్ తర్వాత మెత్తటి బ్రష్షుతో, క్లిప్పుల మధ్యకు వెళ్లే సన్న బ్రష్షుతో తోముకోవాలి. లేకపోతే క్లిప్పులు తీశాక పళ్ల మీద తెల్లమచ్చలు మిగులుతాయి. ఖర్జూరం గింజ తీసి తినాలి. నల్లీ బొక్కలు, చెరకు, ఐసుముక్కలు, వేరుశనగ చిక్కీ వద్దు. ఎండిన జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకోవాలి. ఉగ్గాని, హలీమ్, కిచిడీకి ఏ ఇబ్బందీ లేదు.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

మొదటిరోజే కాగితం మీద రాసుకుని వెళ్తే మరిచిపోరు.

పన్ను లోపల ఉందా, అసలు పుట్టలేదా? పక్కపన్ను వేరుకు దెబ్బ ఉందా? పాలపన్ను తీసి కొన్ని నెలలు ఆగి చూడవచ్చా, క్లిప్పులు వెంటనే కావాలా? ఆపరేషన్ ఎవరు చేస్తారు, ఎక్కడ? చెప్పిన ఖర్చులో ఎక్స్‌రేలు, ఆపరేషన్, రిటైనర్ కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా? వాయిదాల్లో కట్టవచ్చా? క్లిప్పు ఊడితే మళ్లీ అంటించడానికి డబ్బు తీసుకుంటారా? పన్ను దిగకపోతే తర్వాతి దారి ఏమిటి?

జవాబు అర్థం కాకపోతే మరో ఆర్థోడాంటిస్టు అభిప్రాయం తీసుకోవచ్చు. పన్ను ఒక్కరోజులో పాడైపోదు, ఒకటి రెండు వారాలు ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. ఒకటి రెండేళ్లు మాత్రం లేదు.

ఆలస్యమైపోయిందనుకునేవాళ్లకూ ఒక మాట. పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో చాలామందికి పన్నును దింపడం సాధ్యమే. ఇరవై దాటాక కూడా చేస్తారు, కాకపోతే ఎక్కువ కాలం పడుతుంది, పన్ను కదలకపోయే అవకాశం పెరుగుతుంది. పెళ్లి తేదీ ఖాయమయ్యాక కన్నా, అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడే మొదలుపెట్టడం మంచిది. ఇంట్లో పదేళ్ల తమ్ముడో చెల్లో ఉంటే, అక్కను చూపించడానికి వెళ్లిన రోజే వాళ్ల నోరూ చూపించుకుని రండి. ఒకే ఇంట్లో ఇద్దరికి ఈ సమస్య రావడం అరుదేమీ కాదు. చిన్నవాళ్ల విషయంలో ఇంకా గడువు ఉంది.